రెండుంపావు చెయ్యి

ఏటా జూన్‌లో ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలకు ఫిజిక్స్ మొదటి పాఠం నేనే చెబుతాను. హాజరు కూడా వేయకముందే బోర్డు మీద ఒక అంకె వేస్తాను: 2.4. "ఏందిది?" అని అడుగుతాను. ముందు బెంచీ నుంచి "గంటలు మేడం" అని వస్తుంది. వెనక బెంచీ నుంచి "ఓవర్లు" అని. ఎవరో ఒకరు వడ్డీ అంటారు, ఇంట్లో వినే మాట కాబోలు. ఆడపిల్లలు మాత్రం ఒకరి మొహాలు ఒకరు చూసుకుని నవ్వుతారు. వాళ్లకు తెలుసు. అది గాజుల సైజు.

అంకె ఒక్కటే ఉంటే అది దేనికీ పనికిరాదు, పక్కన ప్రమాణం ఉండాలి, అని చెప్పడానికి నేను వేసే ఎత్తు ఇది. ఆ తర్వాత పొడవుకి మీటరు, ద్రవ్యరాశికి కిలోగ్రాము, కాలానికి సెకను అనుకుంటూ పుస్తకంలోకి దిగిపోతాం. పదిహేనేళ్లుగా ఈ ఎత్తు పారుతూనే ఉంది. పోయిన సంవత్సరం మే నెలలో మాత్రం అదే అంకె నన్ను కింద పడేసింది. నేను అమ్మిన రెండుంపావు గాజుల వెనక కడుపుతో ఉన్న ఒక పిల్ల ప్రాణం ఉంది. నేను దాన్ని చూడకుండా, గల్లాపెట్టె మీద మోచేతులు ఆనించి, ఆ గాజుల మీద బేరమాడుతూ కూర్చున్నాను.

గాజుల కొట్టు మాది. మాచర్ల బజారులో ఒక పక్క చెప్పుల కొట్టుకీ, ఇంకో పక్క స్టీలు సామాన్ల కొట్టుకీ మధ్య ఇరుకుగా ఉంటుంది. మా అమ్మమ్మ మలారం, అంటే తాళ్లకు గుచ్చిన గాజుల మోపు, భుజాన వేసుకుని పల్లెలు తిరిగింది. మా అమ్మ, ఇంట్లో అమ్మీ అంటాం, కొట్టు పెట్టింది. నేను ఎమ్మెస్సీ చదివి కాలేజీలో చేరాను గాని, ఆదివారాలూ సెలవులూ నా చోటు గల్లాపెట్టె దగ్గరే. నిజం చెప్పాలంటే నాకు ఫిజిక్స్ కంటే బేరం బాగా వచ్చు. పాఠం మధ్యలో తడబడతానేమో గాని, కొట్టుకొచ్చిన మనిషి గుమ్మంలో చెప్పులు విడిచే తీరు చూసి ఎంత దాకా దిగాలో చెప్పగలను.

గాజు సైజంటే లోపలి వ్యాసం. 2.4 అంటే రెండంగుళాల నాలుగణాలు. రూపాయికి పదహారణాలున్నట్టే అంగుళానికీ పదహారణాలు. రూపాయిలోంచి అణాలు ఎప్పుడో పోయాయి గాని గాజులోంచి పోలేదు. నాలుగణాలంటే పావు కాబట్టి 2.4ని రెండుంపావు అంటాం, 2.6ని రెండారు, 2.8ని రెండున్నర. ఇంట్లో మేం మాట్లాడుకునే ఉర్దూలో రెండుంపావు సవా దో, రెండున్నర ఢాయీ. ఎనిమిది తర్వాత పది. అంటే 2.10 అనేది 2.8 కన్నా పెద్ద గాజు. మధ్యలో ఉన్నది దశాంశ బిందువు కాదు, ఒట్టి చుక్క.

ఈ సంగతి నాకు ఎవరూ విడమరిచి చెప్పలేదు. ఆరో తరగతిలో దశాంశాలు నేర్చుకున్న వారమే, అమ్మీ ఏదో పెళ్లికి వెళ్లినప్పుడు, కొట్టులో అరలన్నీ తప్పుగా సర్ది ఉన్నాయని కనిపెట్టాను. రెండు పాయింట్ ఒకటి సున్నా అంటే రెండు పాయింట్ ఒకటే కదా. అందరికన్నా చిన్నదాన్ని పట్టుకెళ్లి చివర పెట్టారేమిటి అనుకుని, మధ్యాహ్నమంతా చెమటలు కక్కుతూ 2.10 గాజుల్ని ఎడమవైపు మొదటి అరలోకి మార్చాను. మర్నాడు అమ్మీ అలవాటు ప్రకారం చూడకుండానే చెయ్యి చాపి, ఒక చిన్నపిల్ల కోసం మొదటి అరలోంచి గాజులు తీసింది. అవి ఆ పిల్ల చేతిలోంచి జారి బండల మీద పడ్డాయి. లావుపాటి చెయ్యి ఉన్న ఒకామె కోసం చివరి అరలోంచి తీసింది. మూడు గాజులు కణుపుల దగ్గరే చిట్లాయి.

నేను నోట్సు తెచ్చి లెక్క చూపించాను. అమ్మీ చదువుకోలేదు. పేజీ వంక చూసి, "లెక్క నీదే రైటు," అంది. "మరి చెయ్యెవరిది?"

నాలుగు దెబ్బలు పడితే మర్చిపోయేదాన్నేమో. ఆ మాట మాత్రం గుర్తుండిపోయింది. గుర్తుంది గాని అర్థం కాలేదని ఇప్పుడంటున్నాను.

అమ్మీ సైజు అడగదు. వచ్చిన మనిషి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, బొటనవేలు లోపలికి మడిచి, కణుపుల్ని దగ్గరికి నొక్కుతుంది. గాజు ఉండాల్సింది మణికట్టు మీదే గాని, దాటాల్సింది కణుపుల్ని. ఎముక ఎంత, కండ ఎంత, నొక్కితే లొంగేదెంత అన్నది ఆమె బొటనవేలికి తెలుస్తుంది. "ఇది బట్టలుతికే చెయ్యి. పొద్దునొస్తే రెండుంపావు, సాయంత్రమొస్తే రెండారు," అంటుంది. ఒకసారి పట్టుకున్న చెయ్యిని మర్చిపోదు. మనిషి పేరు మర్చిపోతుంది, ఊరు మర్చిపోతుంది, చెయ్యి చేతిలోకి రాగానే "నువ్వు ఫలానా ఏడు పెళ్లికి వొచ్చావు గదా" అంటుంది.

కాలేజీలో మొదటి జీతం అందుకున్నాక నేను గుంటూరులో ఒక వెర్నియర్ కాలిపర్స్ కొన్నాను. సాయంత్రం దాకా బేరమాడితే, కొట్టువాడు ఇంక నా మొహం చూడలేక ఇచ్చాడు. మిల్లీమీటరులో పదో వంతు దాకా కొలుస్తుంది. దాంతో కొట్టులో గాజులన్నీ కొలిచాను. రెండుంపావు యాభై ఏడు మిల్లీమీటర్ల చిల్లర. ఒక్కో సైజుకీ మధ్య తేడా మూడు మిల్లీమీటర్ల పైన పిసరంత. అమ్మీ వేలికీ నా పరికరానికీ ఎక్కడా తగాదా రాలేదు. ఒకటే లోపం, నా కాలిపర్స్‌కి జీరో ఎర్రర్ ఉంది. దవడలు పూర్తిగా మూసినా సున్నా చూపించదు, ఒక గీత ఎక్కువ చూపిస్తుంది. అందుకని కొలిచిన ప్రతిసారీ ఆ గీత తీసేయాలి.

"మూసి పెట్టినా ఎక్కువే చెప్పిద్దా?" అంది అమ్మీ అది విని. "నీకూ దానికీ చుట్టరికం కుదిరిందిలే."

చుట్టరికం నిజమే. బజారులో పెరిగినదాన్ని. ఎదుటివాళ్లు ఏం చెప్పినా అందులోంచి కొంత తీసేసి గాని నమ్మను. ధర విషయంలో అది తెలివి. అన్ని విషయాల్లోనూ అదే చేస్తున్నానని అప్పటికి నాకు తెలియదు.

ఆ మే నెల సోమవారం, రెంటచింతల అవతల పల్లె నుంచి ఒకావిడ వచ్చింది. మాకు పాత ఖాతాదారు. ఊరి వరస ప్రకారం నేను పిన్నీ అంటాను. కోడలికి ఎనిమిదో నెల, శుక్రవారం శ్రీమంతం.

"టీచరమ్మా, మీ అమ్మ లేదా?"

"లోపల నమాజు చేసుకుంటంది పిన్నీ. నేనున్నాగా."

"నువ్వుంటే ధర దిగదనే అడిగా."

కోడలికి రెండు చేతులకీ ఆకుపచ్చవీ ఎర్రవీ, పేరంటానికి వచ్చేవాళ్లకు పంచడానికి డజన్లకు డజన్లూ కావాలంది. కోడలి సైజు అడిగితే, "మీ అమ్మనే అడుగు, దాని చిన్నప్పటి నుంచీ తొడిగింది ఆమేగా," అంది. ఆ పిల్ల పుట్టిల్లు కూడా ఆ చుట్టుపక్కలే. లోపల్నుంచి అమ్మీ, "రెండుంపావు. ఉగాదికి నేనేగా ఎక్కించింది," అని కేకేసింది. నేను రెండుంపావు కట్టి ఇచ్చాను. ధర దిగలేదు.

బుధవారం పిన్ని మళ్లీ వచ్చింది. అమ్మీ పంటి నొప్పికి డాక్టరు దగ్గరికి వెళ్లింది. పిన్ని సంచీలోంచి గాజులు తీసి గల్లా మీద పెట్టింది.

"ఎక్కటల్లేదమ్మాయ్. సైజు తక్కువిచ్చావు. రెండారు ఇయ్యి."

మా కొట్టులో అందరికన్నా పాత ఎత్తు అదే. రంగు నచ్చకపోయినా, పక్క కొట్టులో తక్కువకు దొరికినా, ఇంట్లో ఎవరో ముక్కు విరిచినా, చెప్పేది మాత్రం ఎక్కటల్లేదనే. నేను సొరుగులోంచి వెర్నియర్ తీశాను. గాజు లోపల రెండు కొనలూ ఆనించి, ఆమెకు కనపడేట్టు పట్టుకుని, గీతలు చదివి, నా జీరో ఎర్రర్ తీసేసి చెప్పాను.

"యాభై ఏడు పాయింట్ ఒకటి. రెండుంపావంటే రెండుంపావే పిన్నీ. వెంట్రుక వాసి తేడా లేదు."

"నాకు ఆ ఇనప ముక్కేం తెలిసిద్ది. ఎక్కటల్లేదంటన్నా. ఎండలకి బిగిసినయ్యేమో."

ఇక నన్నెవరూ ఆపలేకపోయారు. వేడికి గాజు వ్యాకోచిస్తుందని, వ్యాకోచించినప్పుడు లోపలి కన్నం కూడా పెద్దదే అవుతుంది గాని చిన్నదవదని, బండి చక్రానికి ఇనప పట్టీ కాల్చి ఎక్కించేది అందుకేనని, ఆ లెక్కన మీ ఊరి ఎండకి ఈ గాజులు వదులవ్వాలి గాని బిగుతవ్వకూడదని చెప్పాను. అందులో ఒక్క అక్షరం తప్పు లేదు. చెప్పుల కొట్టాయన కూడా లేచొచ్చి విన్నాడు. పిన్ని గాజుల్ని మళ్లీ నా వైపు జరిపింది. మార్చి ఇచ్చాను గాని, మార్చినందుకు ఇంకో రెండు డజన్లు కొనేట్టు చేసి ఇచ్చాను. ఆ పూట అన్నం రుచిగా ఉంది.

ఎక్కడం అనే పనిలో రెండు వస్తువులున్నాయి, గాజూ చెయ్యీ. నేను గాజుని మిల్లీమీటరులో పదో వంతు దాకా కొలిచాను.

గురువారం పొద్దున కొట్టు తెరిచేసరికే పిన్ని మెట్ల మీద కూర్చుని ఉంది. రెండారు కూడా ఎక్కలేదట. బలవంతం చేస్తే రెండు చిట్లాయట. రెండున్నర కావాలి, శ్రీమంతం తెల్లారే.

చిట్లినవి తిరిగి తీసుకునే ఆచారం మా బజారులో లేదు. ఆ మాట చెప్పి, చేతులు కట్టుకుని నవ్వాను.

"ఒకే చేతికి నాలుగు రోజుల్లో మూడు సైజులా పిన్నీ? మీ కోడలి చెయ్యేమన్నా సొరకాయా?"

"ఎండలమ్మా. రెంటచింతల ఎండకి బండలే పగులుతయ్యి, మనిషి ఉబ్బదా?"

"పగిలే బండలు మీ ఊళ్లో ఉంటే పగిలిన గాజులు నేను తీసుకోవాలా?"

అప్పుడు అమ్మీ వెనక గదిలోంచి టీ గ్లాసుతో వచ్చింది. "ఎవరికి రెండున్నర?" అంది.

"మా కోడలికే అక్కా."

అమ్మీ గ్లాసు గల్లా మీద పెట్టింది. "ఆ పిల్లకి రెండున్నరేంది," అంది నెమ్మదిగా. బేరం కోసం అన్న మాట కాదది. "కాళ్లకి మెట్టెలున్నయ్యా?"

"తీసి దాచింది. వేళ్లు కోసుకుపోతన్నయ్యంటే నేనే తియ్యమన్నా."

"ఎప్పుడు?"

"ఆదివారం."

"తలనొప్పేమన్నా అంటందా?"

"రెండు రోజుల్నించి. ఎండ గదా."

"కళ్లు?"

"మసగ్గా ఉందంటంది. నిద్దర చాలక."

అమ్మీ అప్పటికే చెప్పుల కోసం వెతుకుతోంది. "కొట్టు మూసెయ్," అంది నాతో. గురువారం పొద్దున, పెళ్లిళ్ల సీజన్లో, అప్పుడే తెరిచిన కొట్టు. ఎదురు చెప్పబోయి ఆమె మొహం చూసి షట్టరు లాగాను. బజారు చివర ఆటో ఆపి, "రెంటచింతల దాటాక ఊరు, ఎంత?" అన్నాను. అతను చెప్పాడు. "అంతా?" అన్నాను, అలవాటు కొద్దీ. అమ్మీ ఆటోలో కూర్చుని నా వంక చూసింది. "ఇయ్యాల నోరు మూసుకో."

దారిలో పిన్ని ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చుంది. వెనక అమ్మీ నాకు ఉర్దూలో, తక్కువ గొంతుతో చెప్పింది. నేను పుట్టక ముందు, కొట్టు పెట్టిన కొత్తలో, ఒకామెకు శ్రీమంతం గాజులు ఎక్కించడానికి ఇంటికి వెళ్లిందట. నొక్కితే చెయ్యి మీద వేలు ముద్ర గుంట పడింది. లేవలేదు. అమ్మీ చూసింది, సబ్బు నీళ్లు రాసి గాజులు ఎక్కించింది. శుభకార్యం పూట చెడు మాట ఎందుకని ఏమీ అనలేదు. తొమ్మిదో రోజు ఆమెకు ఫిట్స్ వచ్చాయి. తల్లీ లేదు, బిడ్డా లేదు.

"నాకు చెప్పలేదే ఎప్పుడూ," అన్నాను.

"నువ్వు అంకెలడుగుతావు గదా. దానికి అంకె లేదు."

ఇంటి ముందు అప్పటికే షామియానా కడుతున్నారు. కుర్చీలు దిగాయి. ఆ పిల్ల లోపల కూలర్ ముందు పడుకుని ఉంది. అమ్మీని చూసి లేవబోయి, నవ్వింది. నవ్వు కళ్ల దాకా రావడానికి చోటు లేదు, రెప్పలు అంతగా ఉబ్బాయి. అమ్మీ మంచం మీద కూర్చుని, ఎప్పటిలాగే, గాజులు ఎక్కించబోతున్నట్టే చెయ్యి తీసుకుంది. బొటనవేలితో మణికట్టుకు పైన నొక్కి వదిలింది. గుంట పడింది. నేను గడియారం చూశాను. చూడటం తప్ప నాకు వచ్చిన పని ఇంకేం ఉంది. పది సెకన్లు. ఇరవై. ముప్పై. గుంట అక్కడే ఉంది. నా జీవితంలో నేను తీసిన కొలతల్లో అంత పొడుగు ముప్పై సెకన్లు ఇంకెప్పుడూ లేవు.

"ఆస్పత్రికి పోదాం తల్లీ," అంది అమ్మీ. "ఇప్పుడే."

పిన్ని మొగుడు గుమ్మంలోకి వచ్చాడు. ఆ పిల్ల భర్త లారీ మీద నాపరాయి తోలుకుని వెళ్లాడు, తెల్లారి పొద్దున వస్తాడు. అందరికీ పిలుపులు వెళ్లాయి, వంటవాళ్లకు మాటిచ్చేశారు.

"ఆస్పత్రికి ఒద్దని ఎవరన్నారు?" అన్నాడాయన. "రేపు కార్యం అయ్యాక మజ్జాన్నం కారెక్కిస్తా."

"పదింటికల్లా కానిచ్చేద్దాంలే," అంది పిన్ని.

అమ్మీకి చేతి భాష వచ్చు గాని మాట సాగదీయడం రాదు. నా వంక చూసింది. అప్పుడు నాకు తట్టింది, ఇది బేరమే. సరుకు గంటలు. రేపు మధ్యాహ్నం నుంచి రేపు పది దాకా వాళ్లంతట వాళ్లే దిగారు. అవతలివాళ్లు దిగుతున్నప్పుడు మాట్లాడకూడదని బజారులో నేర్చుకున్నాను. ఊరుకున్నాను.

"పోనీ ఇయ్యాల సాయంత్రం, చల్లబడ్డాక," అన్నాడాయన.

"సాయంత్రం డాక్టరు ఉండదు బాబాయ్," అన్నాను. ఉంటుందో ఉండదో నాకు తెలియదు. "ఇక్కడే గదా, బీపీ చూపించుకుని గంటలో ఒచ్చేద్దాం. గంటకి ఇంటికొచ్చి పడుకుంటది." అది కూడా అబద్ధమే. గంటలో రాదని నాకు అప్పటికే అనిపించింది. ధర తక్కువ చెప్పి కొట్టులోకి లాగడం నాకు కొత్త కాదు.

ఆయన గోడ గడియారం వంక చూశాడు. పిన్ని చీర కొంగు నలుపుతూ నిలబడింది. ఇంకా చాలలేదు. బేరం ఒక చోట ఆగిపోయినప్పుడు ఏదో ఒకటి వదులుకోవాలి. నా దగ్గర వదులుకోవడానికి ఉన్నది ఒకటే.

"పిన్నీ, కోడలికీ పేరంటాళ్లకీ మొత్తం గాజులు నావి. రేపు నేనే తెచ్చి తొడుగుతా. డబ్బులొద్దు. మీరు ఇచ్చినవి కూడా తిరిగి ఇచ్చేస్తా. ఇప్పుడు బయల్దేరండి."

పిన్ని కొంగు నలపడం ఆపింది. చిన్నప్పటి నుంచీ నన్ను గల్లాపెట్టె వెనక చూసిన మనిషి. ఒక్క డజను మీద అర్ధగంట వాదించడం చూసిన మనిషి. నా మొహం చూసింది, అమ్మీ మొహం చూసింది, మంచం మీద పిల్లని చూసింది.

"నువ్వు డబ్బులొద్దన్నావా?" అంది. మొగుడి వైపు తిరిగింది. "ఏందయ్యా నిలబడ్డావు, ఆటో పిలువు. ఈ పిల్ల డబ్బులొద్దంటంది."

ఉబ్బిన మొహం చెప్పలేనిది, ముప్పై సెకన్ల గుంట చెప్పలేనిది, నా పిసినారితనం చెప్పింది. ఈ మాట రాస్తుంటే సిగ్గుగానే ఉంది. ఆ రోజు మాత్రం నా పేరు అంత చెడ్డది కావడం మంచిదైంది.

ఊరి ఆస్పత్రిలో నర్సమ్మ ఆ పిల్ల జబ్బకి పట్టీ చుట్టి గాలి కొట్టింది. చూసి, పట్టీ విప్పి, రెండో చేతికి చుట్టి మళ్లీ కొట్టింది. "నూట డెబ్భై, నూట పన్నెండు," అంది లోపలి డాక్టరుకు వినపడేట్టు. అవి పాదరసం మిల్లీమీటర్లు. ఒత్తిడిని పొడవుతో ఎందుకు చెబుతారని పిల్లలు ఏటా అడుగుతారు. పాదరసం గొట్టంలో అంత ఎత్తుకు ఎగబాకేదని చెబుతాను. చెయ్యి ఉబ్బిందంటే నేను నమ్మని మిల్లీమీటర్లే ఇక్కడ పాదరసంలోకి ఎక్కి కూర్చున్నాయి.

ఎండ కాదు, కడుపుతో ఉన్నప్పుడు బీపీ పెరిగి వచ్చిన ఉబ్బు అంది డాక్టరు. ఆ తర్వాత ఎవరూ గంట మాట ఎత్తలేదు. ఇంజెక్షన్ చేశారు. నరసరావుపేట పెద్దాసుపత్రికి అంబులెన్సు పిలిచారు. సెలైన్ సూది గుచ్చాలి, చేతికున్న పాత గాజులు తీయాలన్నారు. ఉగాదికి అమ్మీ ఎక్కించిన గాజులే. కడుపుతో ఉన్న మనిషి చేతి గాజులు పగలగొట్టడమా అని పిన్ని వెనక్కి జరిగింది. అమ్మీ సబ్బు రాసి చూసింది, జరగలేదు. అప్పుడు అమ్మీయే ఆ పిల్ల మణికట్టుకూ గాజులకూ మధ్య తన కొంగు దూర్చి, ఒక్కొక్కటే కటింగ్ ప్లేయరుతో చిట్లగొట్టింది. ఇన్నేళ్లలో ఆమె ఒకరి చేతికి గాజులు తొడగడమే చూశాను. ఒక్క గీత పడకుండా తీసింది. తీశాక ముక్కలన్నీ కొంగులో మూటకట్టుకుంది.

అంబులెన్సులో పిన్నీ అమ్మీ వెళ్లారు. నేను వెనకే పిన్ని మొగుడితో బస్సులో వెళ్లాను. దారి పొడుగునా ఆయన, "ఎండకేననుకున్నామమ్మా," అంటూనే ఉన్నాడు. నేను తల ఊపాను. వ్యాకోచం లెక్క చెప్పిన మనిషిని నేనే కదా.

ఆస్పత్రికి చేరాక ఆ పిల్లకు ఒకసారి ఫిట్స్ వచ్చాయి. డాక్టర్లు పక్కనే ఉన్నారు. మధ్యాహ్నమే ఆపరేషన్ చేసి బిడ్డని తీశారు. ఆడపిల్ల. పిన్ని వరండాలోకి వచ్చి, "ఒకటి తొమ్మిదంట," అంది. కిలో తొమ్మిది వందల గ్రాములు. ఈసారి మధ్యలో ఉన్నది నిజంగా దశాంశ బిందువే. పుట్టాల్సిన నెల కన్నా ముందు పుట్టిందని, మూడు వారాలు అద్దాల పెట్టెలో ఉంచారు. రోజూ ఎన్ని గ్రాములు పెరిగిందో పిన్ని ఫోన్ చేసి చెప్పేది. ఇరవై గ్రాములు. పదిహేను. ఒకరోజు అయిదు తగ్గింది. నేను ఏమీ తీసేయకుండా నమ్మిన అంకెలు అవి.

ఆ తర్వాత చాలా రోజులు నాకు ఒకే విషయం తిరిగి తిరిగి గుర్తొచ్చేది. నా దగ్గర మూడు రీడింగులున్నాయి. సోమవారం రెండుంపావు, బుధవారం రెండారు, గురువారం రెండున్నర. ల్యాబులో ఒక పిల్లవాడు ఇలాంటి మూడు రీడింగులు తెస్తే, కాలం ఒక గడిలో, కొలత ఒక గడిలో వేసి గ్రాఫ్ గీయమనేదాన్ని. గీత ఎటు పోతోందో చూడమనేదాన్ని. నేను మూడింటినీ విడివిడిగా మూడు బేరాలు చేసుకున్నాను. అమ్మీ మాత్రం ఉగాది నాటి చెయ్యిని పట్టుకొచ్చి గురువారం పక్కన పెట్టి చూసింది. ఆమెకు కాలం సెకన్లలో ఉండదు. ఉగాదికి, శ్రావణానికి, ఫలానా వాళ్ల పెళ్లికి అని ఉంటుంది. అయినా ఉంది.

శ్రావణంలో పిన్ని కోడల్నీ మనవరాలినీ తీసుకుని కొట్టుకొచ్చింది. పిల్ల మెలకువగా ఉండి, వేలాడే గాజుల తోరణాల వంక నోరు తెరుచుకుని చూస్తోంది. అమ్మీ తల్లి చెయ్యి తీసుకుని బొటనవేలితో నొక్కింది. ఎప్పటికన్నా ఎక్కువసేపు నొక్కింది. వదిలింది. చర్మం వెంటనే లేచింది.

"సవా దో," అంది నాతో.

నేను రెండుంపావు తీశాను. పిన్ని రెండు రంగులు పక్కన పెట్టించి, మూడో రంగు అడిగి, అప్పుడంది, "టీచరమ్మా, ఆ రోజు డబ్బులొద్దన్నావు. ఆ మాటింకా ఉందా?"

"ఆ మాట గంటసేపటికే పిన్నీ."

"గంటన్నావు, మూడు వారాలు పట్టింది. అబద్ధాలమ్మవి."

"చిట్లిన రెండింటి సంగతేంది మరి?"

అర్ధగంట వాదించుకున్నాం. చెప్పుల కొట్టాయన మళ్లీ లేచొచ్చి విన్నాడు. ఎవరు గెలిచారో నేను చెప్పను. అమ్మీ మధ్యలో కల్పించుకోకుండా, బిడ్డ చెయ్యి తన అరచేతిలో పెట్టుకుని కూర్చుంది. ఆ చేతికి మా కొట్టులో సైజు లేదు.

ఈ జూన్‌లో మళ్లీ మొదటి పాఠం. వెర్నియర్‌తో పాటు రెండు గాజులు పట్టుకెళ్లాను, రెండుంపావు ఒకటి, రెండున్నర ఒకటి. బోర్డు మీద 2.4 వేసి, ఏందిదంటే, గంటలన్నారు, ఓవర్లన్నారు, ఆడపిల్లలు నవ్వారు. ఎప్పటిలా ప్రమాణం మాట చెప్పేసి, కింద 2.8 అని వేశాను. గాజుల్ని బెంచీల మీదుగా పంపి కొలవమన్నాను. తేడా ఆరు మిల్లీమీటర్ల పైచిల్లర అని తేల్చారు. నాలుగు రోజుల్లో ఒకే చేతికి ఈ రెండు సైజులూ అడిగారు, ఏమనుకుంటారు అన్నాను.

గాజు తప్పు కొలిచారన్నాడొకడు. పరికరంలో జీరో ఎర్రర్ అన్నాడింకొకడు, తెలివైనవాడే. ఎండకి వ్యాకోచం అని ముందు బెంచీ నుంచి వచ్చింది. నేను సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాను. అన్నీ నావే, నా సొరుగులోంచి తీసినట్టే ఉన్నాయి.

రెండో వరసలో, దుర్గి నుంచి బస్సులో వచ్చే ఒక పిల్ల ఉంది. ఎప్పుడూ మాట్లాడదు. రెండున్నర గాజు తన చేతికి తొడుక్కుని, వదులుగా తిప్పి చూసుకుంటూ, తల ఎత్తకుండానే అడిగింది.

"ఎవరి చెయ్యి మేడం?"

పదిహేనేళ్లలో ఆ ప్రశ్న క్లాసులో ఎవరూ అడగలేదు. నేను సుద్దముక్క పక్కన పెట్టి, కుర్చీ ముందుకు లాక్కుని కూర్చున్నాను. ఆ రోజు మీటరూ కిలోగ్రామూ మర్నాటికి వాయిదా పడ్డాయి.